కీలు ఆగితే కాలు నడుస్తుందా?

మోకాళ్ల నొప్పి అనగానే అమ్మమ్మ గుర్తొస్తుంది. నడుం నొప్పి అనగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మన బ్యాచ్ మొత్తం గుర్తొస్తుంది. మరి చీలమండ నొప్పి అంటే? ఎవరూ గుర్తురారు. "ఏదో బెణికింది, బామ్ రాస్తే పోద్ది" అనే ఖాతాలో పడిపోతుంది అది.

కానీ ఆ కీలు కూడా అరుగుతుంది. అరిగిందంటే మోకాలికి ఏమాత్రం తీసిపోకుండా మనిషిని కూర్చోబెడుతుంది. పైగా మోకాలిలా అరవై దాటేదాకా ఆగదు. నలభైల్లోనే, ఒక్కోసారి ముప్పైల్లోనే మొదలవుతుంది. మందులతో లొంగకపోతే డాక్టర్ చెప్పే పెద్ద వైద్యం వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది: "ఆ కీలును కలిపేస్తాం. ఇక అది కదలదు."

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ని. కానీ మీకూ తెలుసు కదా, ఇంట్లో ఒక్క సాఫ్ట్‌వేర్ వాడు ఉంటే చుట్టాల రిపోర్టులన్నీ వాడి వాట్సాప్‌కే వస్తాయి. అలా ఈ ఏడాదిన్నరలో మా వైపు మూడు ఊళ్ల నుంచి మూడు చీలమండల ఎక్స్‌రేలు నా ఫోన్‌కి వచ్చాయి. సూర్యాపేట నుంచి ఇంజినీరింగ్ క్లాస్‌మేట్‌ది. మిర్యాలగూడ నుంచి మా మేనమామది. కోదాడ నుంచి మా పక్కింటి అక్కది. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: "ఆపరేషన్ చేయించుకోవాలా?" వాళ్లతో పాటు డాక్టర్ల దగ్గర కూర్చుని, చదివి, అడిగి తెలుసుకున్నాక ముగ్గురికీ మూడు వేరే జవాబులు వచ్చాయి. ఈ వారం అవే చెప్తాను.

ముసలితనం కాదు, పాత దెబ్బ

ముందు ఆ కీలు ఎలా ఉంటుందో చూద్దాం. పిక్క లోపల రెండు ఎముకలుంటాయి. ఒకటి లావుది, ఒకటి సన్నది. రెండూ కిందకొచ్చి గొడుగులా ఒక గూడు కడతాయి. ఆ గూట్లో పాదం ఎముక ఒకటి సరిగ్గా ఇమిడి ఉంటుంది. దాన్ని టాలస్ అంటారు. కాలికి రెండు పక్కలా పొడుచుకొచ్చి కనిపించే గిలకలే ఆ గూటి గోడలు. ఎముకకీ ఎముకకీ మధ్య మనం "గుజ్జు" అని పిలిచే నున్నటి పొర ఉంటుంది. చీలమండలో దాని మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. మోకాల్లో ఉండేదానితో పోలిస్తే చాలా పల్చన. మనం నడిచేటప్పుడు ఈ చిన్న కీలు మీద పడే భారం ఒంటి బరువుకి నాలుగైదు రెట్లు.

ఇంత పల్చటి పొర ఇంత భారాన్ని దశాబ్దాల పాటు ఎలా మోస్తోంది? గూడు కచ్చితంగా సరిపోవడం వల్ల. ఆ అమరిక చెడిందా, కథ మారిపోతుంది. 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఒక ప్రయోగం చేశారు. టాలస్ ఎముక గూట్లో ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగితే ఎముకలు ఒకదానికొకటి ఆనుకునే జాగా సగటున 42 శాతం తగ్గిపోతుందని అందులో తేలింది. భారం మాత్రం అంతే ఉంటుంది, మోసే జాగా సగానికి పడిపోతుంది. ఇక గుజ్జు అరగక ఏం చేస్తుంది?

అందుకే మోకాలి అరుగుదలకు వయసు, బరువు ప్రధాన కారణాలైతే, చీలమండకు ప్రధాన కారణం పాత దెబ్బ. అమెరికాలోని అయోవాలో ఒకే ఆసుపత్రికి వరసగా వచ్చిన 639 మంది చీలమండ ఆర్థరైటిస్ పేషెంట్ల లెక్క 2005లో అచ్చయింది. వాళ్లలో దాదాపు 70 శాతం మందికి కారణం ఎప్పుడో విరిగిన ఎముకో, పదేపదే పడ్డ బెణుకో. మిగతావాళ్లలో కీళ్లవాతం, ఇన్ఫెక్షన్ లాంటివి.

మా పాత నల్గొండ జిల్లాలో ఇంకో అలవాటుంది. ఏ కీలు నొప్పి పెట్టినా "ఫ్లోరైడ్ నీళ్లు తాగినం కదా" అనేస్తారు. ఫ్లోరోసిస్ బాధ మా జిల్లాకు కొత్త కాదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకదానికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే ఉంది. కానీ ఒక్క కాలి చీలమండే నొప్పి పెడుతోందంటే, అదీ ఒకప్పుడు దెబ్బ తగిలిన కాలే అయితే, నీళ్లను అనుమానించే ముందు ఆ దెబ్బను గుర్తు చేసుకోవాలి. ఆ తేడా తెలియక ఏళ్లకేళ్లు నొప్పి మాత్రలు మింగేవాళ్లు మా ఊళ్లలో చాలామంది.

సూర్యాపేట: ఆపరేషన్ అక్కర్లేని కాలు

మా క్లాస్‌మేట్‌ది చిన్న కేసు. ఆదివారాలు క్రికెట్ ఆడతాడు. మూడేళ్లలో నాలుగుసార్లు ఒకే కాలు బెణికింది. ప్రతిసారీ ఐస్ పెట్టాడు, క్రేప్ బ్యాండేజ్ చుట్టాడు, పది రోజుల్లో మళ్లీ గ్రౌండ్‌లోకి దిగాడు. ఇప్పుడు చదునైన రోడ్డు మీద నడిచినా ఆ కాలు పక్కకు ఒరుగుతోంది.

వాడి కీల్లో గుజ్జు బాగానే ఉంది. సాగిపోయింది ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్. దీనికి మొదటి వైద్యం ఫిజియోథెరపీ. ఒంటికాలి మీద నిలబడటం, కళ్లు మూసుకుని నిలబడటం, పిక్క పక్క కండరాలకు బలం పెంచడం. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, కాలు ఒరగబోతున్న క్షణంలో దాన్ని ఆపాల్సిన కండరానికి ట్రైనింగ్ ఇచ్చేది ఇదే. మూడు నెలలు శ్రద్ధగా చేసినా లాభం లేకపోతేనే లిగమెంట్ రిపేర్ మాట. అసలేమీ చేయకుండా ఇలాగే ఒరుగుతూ ఉంటే, ఏళ్ల తరబడి ఆ ఒరుగుడే గుజ్జును తినేస్తుంది. అంటే వాడి చేతిలో ఇప్పుడున్నది బేరం కుదిరే టైమ్.

ఇక్కడే మీ అందరికీ పనికొచ్చే ముక్క ఒకటి. కాలు బెణికిందా, విరిగిందా అని తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు కొన్ని సులువైన గుర్తులు చెప్పారు. ప్రపంచమంతా ఎమర్జెన్సీ వార్డుల్లో ఇప్పటికీ అవే వాడతారు. దెబ్బ తగలగానే నాలుగడుగులు వేయలేకపోయి, ఆసుపత్రిలో కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయాలి. గిలక ఎముకల వెనక అంచున గానీ కొసన గానీ వేలితో నొక్కితే నొప్పి పుట్టినా తీయాలి. "కుంటుతూ నడిచాడు కదా, విరగలేదులే" అనేది మాత్రం ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. విరిగిన చీలమండతో కుంటుతూ నడిచేవాళ్లు ఉంటారు.

మా మామ అలాగే నడిచాడు.

మిర్యాలగూడ: కీలు కలిపిన కాలు

మా మేనమామది రైస్ మిల్లులో మెషీన్లు చూసుకునే పని. మిర్యాలగూడ అంటేనే సాగర్ ఎడమ కాలవ, దాని కింద పండే వడ్లు, ఆ వడ్లు ఆడే మిల్లులు. రోజంతా నిలబడాలి, బాయిలర్ దగ్గరికీ ఎలివేటర్ దగ్గరికీ ఇనుప మెట్లెక్కుతూ దిగుతూ ఉండాలి.

ముప్పై ఏళ్ల వయసులో హుజూర్‌నగర్ రోడ్డు మీద బండి జారింది. కోతల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్ల మీద టైరు పడితే ఎట్లుంటదో మా వైపు బండి నడిపిన ఎవరికైనా తెలుసు. కుడి కాలు బండి కింద పడింది. గుమ్మడికాయంత వాపు. ఊళ్లో ఒకాయన కట్టు కట్టాడు. నలభై రోజులకు విప్పారు. మామ నడిచాడు. ఇంట్లో కోడిని కోశారు. ఎక్స్‌రే ఎవరూ తీయించలేదు. నడుస్తున్నవాడికి ఫొటో ఎందుకని.

పన్నెండేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి కాస్త సర్దుకునేది, సాయంత్రానికి మళ్లీ వాపు. నొప్పి మాత్ర రోజుకొకటి అయింది, తర్వాత రెండు. డాక్టర్ నిలబెట్టి తీయించిన ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య సందులా కనపడాల్సిన గీత మాయమైపోయింది. ఎముక మీద ఎముక.

అయినా వెంటనే ఆపరేషన్ అనలేదు. చీలమండను పట్టి ఉంచే బ్రేస్ వేసుకోమన్నారు. అడుగున ఒంపు తిరిగిన చెప్పులు, ఒక ఇంజెక్షన్, బరువు ఓ ఆరు కిలోలు తగ్గడం. ఏడాది అలా నెట్టుకొచ్చాక డాక్టర్ ఫ్యూజన్ అన్నాడు.

ఆ రాత్రి మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, కీలు కలిపితే కాలు కట్టె లెక్క అయితది గదా. కట్టె కాలుతోని మిల్లు మెట్లెట్ల ఎక్కాలె?"

మళ్లీ వెళ్లినప్పుడు నేనూ పక్కనే కూర్చుని అదే అడిగాను. డాక్టర్ జవాబు చెప్పలేదు. మామ పాదం పట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూపించాడు. ఎంత కదిలింది? నిజంగా చెప్పాలంటే కదలలేదు. అక్కడక్కడే కిర్రుమంది, మామ పళ్లు బిగబట్టాడు. "పోతుందని భయపడుతున్న కదలిక ఎప్పుడో పోయింది. మిగిలింది నొప్పి పుట్టించే ఆ రెండు మూడు డిగ్రీలే. నేను తీసేది దాన్ని" అన్నాడు ఆయన.

నాకు మొత్తం విషయం అర్థమైంది ఆ ఒక్క మాటతో.

కొత్త పేరు, పాత పని

కీలును కావాలని కలిపేయడం కొత్త ఆలోచన కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఎడ్వర్డ్ ఆల్బర్ట్ అనే సర్జన్ చీలమండ కీలు కలిపాడు. దీనికి ఆర్థ్రోడెసిస్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. 1951లో ఇంగ్లండ్‌కి చెందిన జాన్ చార్న్‌లీ, రెండు ఎముకలనూ గట్టిగా అదిమిపెట్టి ఉంచితే బాగా అతుక్కుంటాయని చీలమండ మీద చూపించాడు. తర్వాతి కాలంలో తుంటి మార్పిడితో ప్రపంచప్రసిద్ధుడైన చార్న్‌లీ ఈయనే.

మన దగ్గర కూడా పోలియో రోజుల్లో ఇలాంటి ఆపరేషన్లు తెలిసినవే. కండరం చచ్చుబడి వేలాడే పాదాన్ని నిలబెట్టడానికి పాదం కీళ్లను కలిపేసేవారు. ఆ తరానికి "కలిపిన కీలు" అంటే కాలు పోవడం కాదు, నేల మీద కాలు ఆనడం. పంజాగుట్ట నిమ్స్ ఇప్పుడు అన్ని జబ్బులూ చూసే పెద్దాసుపత్రి గానీ, 1960లలో అది మొదలైంది నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గానే.

కొత్తదల్లా లోపలికి వెళ్లే దారి. పాత పద్ధతిలో చీలమండ ముందు నుంచో పక్క నుంచో పొడవుగా కోసి కీలు తెరిచేవారు. అక్కడ చర్మం పల్చన, కింద కండ ఉండదు. కోత మానడానికి టైమ్ పడుతుంది. కెమెరాతో చేద్దామంటే జాగా లేదు. 1931లో న్యూయార్క్ డాక్టర్ మైఖేల్ బర్మన్ శవాల కీళ్లలో కెమెరా గొట్టాలు పెట్టి చూసి, చీలమండ ఇరుకు, ఇది కుదిరే పని కాదని రాశాడు. గొట్టాలు సన్నబడ్డాయి, పాదాన్ని కాస్త లాగి పట్టి సందు పెంచే పద్ధతులు వచ్చాయి. 1983లో ష్నైడర్ అనే డాక్టర్ కెమెరాతో చీలమండ ఫ్యూజన్ చేసి చూపించాడు. కుదరదన్న యాభై ఏళ్లకు కుదిరింది.

రెండు చిన్న గాట్లు

మామకి చేసింది ఇదే పద్ధతి. సాధారణంగా నడుముకి మత్తు ఇస్తారు. చీలమండ ముందు వైపు, అటొకటి ఇటొకటి చిన్న గాట్లు పెడతారు. ఒక దాంట్లోంచి పెన్సిల్ కంటే సన్నటి కెమెరా, రెండో దాంట్లోంచి పరికరాలు. సెలైన్ నీళ్లతో కీలును ఉబ్బించి, మిగిలిన గుజ్జునంతా గీకేస్తారు. అవును, ఉన్నది కూడా తీసేస్తారు. ఎందుకంటే గుజ్జు ఉన్నంతకాలం ఎముకా ఎముకా అతుక్కోవు. కింద నెత్తురు చెమర్చే పచ్చి ఎముక కనపడేదాకా గీకుతారు. అంటే, విరిగిన ఎముక ఎలా అతుక్కుంటుందో అలాగే అతుక్కునేలా శరీరాన్ని నమ్మిస్తారు.

ఆ తర్వాత పాదాన్ని సరైన కోణంలో పట్టి, ఎక్స్‌రే తెరలో చూస్తూ, పై ఎముకలోంచి టాలస్‌లోకి రెండు మూడు లావాటి స్క్రూలు బిగిస్తారు. ఒక్కోటి ఆరేడు మిల్లీమీటర్ల మందం. నడిమధ్య బోలుగా ఉంటాయి, సన్నటి తీగ మీదుగా సరిగ్గా అనుకున్న చోటికే దిగుతాయి. వాటి పని ఎముకలను అదిమి పట్టడం. అతికించేది మాత్రం మన ఒళ్లే.

ఆ కోణమే అన్నిటికంటే ముఖ్యం. మా భాషలో చెప్పాలంటే, ఇన్నాళ్లూ వేరియబుల్‌గా ఉన్నదాన్ని కాన్‌స్టెంట్ చేస్తున్నారు. ఒకసారి ఫిక్స్ చేశాక మార్చడం కష్టం. అందుకే పాదం పిక్కకు లంబంగా, మడమ కొద్దిగా బయటికి, వేళ్లు ఒక ఐదు పది డిగ్రీలు బయటివైపు తిరిగి ఉండేలా పెడతారు. వేళ్లు కిందికి వంగి అతుక్కుంటే ప్రతి అడుగులో మోకాలు వెనక్కి తన్నుతుంది.

కీహోల్ వల్ల లాభమేంటి? కోత చిన్నది కాబట్టి వాపూ నొప్పీ తక్కువ, గాయం బాధలు తక్కువ, ఎముకకు నెత్తురు తెచ్చే మెత్తటి భాగాలు పెద్దగా కదలవు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో రెండు పద్ధతులనూ పోల్చారు. ఇద్దరికీ మెరుగైంది. కీహోల్ వాళ్లు ఆసుపత్రిలో తక్కువ రోజులున్నారు, రెండేళ్ల తర్వాత కూడా కాస్త మెరుగ్గా ఉన్నారు. అలాగని అందరికీ కుదరదు. కాలు బాగా వంకర తిరిగినా, ఎముక బాగా తరిగిపోయినా, లోపల పాత ప్లేట్లు తీయాల్సి ఉన్నా తెరిచి చేయడమే మంచిదని సర్జన్లు అంటారు. "కీహోల్" అనే మాట బోర్డు మీద బాగుంటుంది గానీ, మీ కాలికి ఏది సరిపోతుందన్నదే ప్రశ్న.

ఏది పోయింది, ఏది మిగిలింది

మామ ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలైంది. మొదటి ఆరు వారాలు కాలు నేల మీద ఆనించలేదు. వాకర్, చంక కర్రలు. ఆ తర్వాత బూటుతో కొద్దికొద్దిగా. మూడు నెలలకు ఎక్స్‌రేలో ఎముక అతుకు కనిపించింది. వాపు మాత్రం ఏడాది దాకా వస్తూ పోతూ ఉంది.

ఇప్పుడు చెప్పులేసుకుని నడుస్తుంటే కొత్తవాళ్లు కనిపెట్టలేరు. పాదంలో చీలమండ కింద, మధ్యలో వేరే కీళ్లున్నాయి. అవి కొంత ఒంపును సర్దుకుంటాయి. మెట్లెక్కుతాడు, దిగేటప్పుడు కాస్త పక్కకు తిరిగి దిగుతాడు. నొప్పి మాత్ర మానేశాడు. పరుగెత్తలేడు. ఎగుడుదిగుడు పొలం గట్టు మీద జాగ్రత్త కావాలి.

గొంతుకూర్చోవడం కష్టం. ఇది విదేశీ పుస్తకాల్లో పెద్దగా కనపడని సంగతి, మనకి మాత్రం రోజూ పొద్దున్నే ఎదురయ్యే సంగతి. ఆపరేషన్‌కి ముందే ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ పెట్టించారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాత్రం ఎక్కువగా తుంటి, మోకాళ్ల పని కాబట్టి మామకి కుదురుతోంది. బంతి భోజనాల్లో కిందే కూర్చుంటున్నాడు.

బండి విషయంలో తమాషా జరిగింది. మోటార్‌సైకిల్ వెనక బ్రేకు కుడి పాదంతో తొక్కాలి. కుడి చీలమండే కదలదు. మామ తన బండి అమ్మేసి, రెండు బ్రేకులూ చేతికే ఉండే స్కూటీ కొన్నాడు. మొదట్లో మిల్లులో "అత్తమ్మ బండి" అని ఆటపట్టించారు. ఇప్పుడెవరూ పట్టించుకోవట్లేదు.

మిల్లు ఓనర్ ఆయన్ని ఎలివేటర్ దగ్గర్నుంచి మార్చి కాంటా దగ్గర కూర్చోబెట్టాడు. జీతం అంతే. కానీ ఇరవై ఏళ్లు మెషీన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన మనిషికి తూకం చీటీలు రాయడం ఎలా ఉంటుందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంకో మాట దాచకూడదు. కలిపిన కీలు పని పక్క కీళ్ల మీద పడుతుంది. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఫ్యూజన్ అయిన 23 మందిని సగటున 22 ఏళ్ల తర్వాత మళ్లీ చూశారు. ఎక్కువమందిలో అదే పాదంలోని పక్క కీళ్లు అరిగి ఉన్నాయి. అంటే నలభై ఐదులో చేయించుకుంటే అరవై దాటాక ఇంకో మాట వినాల్సి రావచ్చు. మామకి ఇది ముందే చెప్పారు. "ఇరవై ఏళ్లు నొప్పి లేకుండ నడిస్తే సాలు, తర్వాతది తర్వాత" అన్నాడు.

కోదాడ: ఇంకా తేలని కాలు

మా పక్కింటి అక్కది పూర్తిగా వేరే లెక్క. ఆమె టైలర్. కాలుతో తొక్కే మిషన్ మీద ముగ్గురు పిల్లలను చదివించింది. ఆమెకి కీళ్లవాతం, అంటే రుమటాయిడ్. రెండు చీలమండలూ పోయాయి, పాదాల్లో పక్క కీళ్లూ సగం అరిగాయి.

ఫ్యూజన్ పనిచేయాలంటే పక్క కీళ్లు భారం పంచుకోవాలి. ఆమెకి అవే బాగాలేవు. రెండు చీలమండలూ బిగిస్తే కుర్చీలోంచి లేవడం, వాలు మీద నడవడం చాలా కష్టం. ఇలాంటివాళ్లకే చీలమండ మార్పిడి, అంటే రీప్లేస్‌మెంట్ గురించి ఆలోచిస్తారు. కదలిక మిగులుతుంది. కానీ మోకాలి మార్పిడి అంత నమ్మకంగా ఎక్కువ ఏళ్లు రావడం ఇంకా కష్టమే. బరువు పనులు చేసే చిన్న వయసు వాళ్లకి త్వరగా వదులయ్యే భయం ఉంటుంది. బ్రిటన్‌లో యాభై ఏళ్లు దాటిన మూడు వందల మందికి పైగా పేషెంట్ల మీద రెండు ఆపరేషన్లనూ పోల్చిన పరీక్ష 2022లో అచ్చయింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ బాగా కోలుకున్నాయి, మొత్తంగా చూస్తే స్పష్టమైన తేడా తేలలేదు. మార్పిడిలో గాయం మానే ఇబ్బందులు ఎక్కువ, ఫ్యూజన్‌లో కొందరికి ఎముక అతుక్కోలేదు. కాబట్టి "ఏది గొప్ప" అనే ప్రశ్నకి జవాబు లేదు. "ఎవరికి ఏది" అనే ప్రశ్నకే ఉంది.

అక్క ప్రస్తుతానికి ముందు వాతం మందులు సరిచేసుకుంటోంది. మిషన్‌కి మోటార్ బిగించుకుంది. మోటార్ పెడల్ మీద మడమతో నొక్కినా చాలు. అదే ఆమె మొదటి వైద్యం అయింది.

ఆమె ఆపరేషన్ వాయిదా వేయడానికి ఇంకో కారణం ఉంది. కత్తి భయం కాదు. "మూడు నెలలు మిషన్ ఆగితే ఇల్లెట్ల నడుస్తది?" గాటు ఎంత చిన్నదైనా ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం అంతే. కీహోల్ అయినంత మాత్రాన ఎముకకి తొందర రాదు. ఆసుపత్రి బిల్లు లెక్క వేసినప్పుడు ఆ మూడు నెలల ఇంటి ఖర్చు కూడా అందులో కలపాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. మీ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆరోగ్యమిత్ర డెస్క్‌లో ముందే అడగండి. సూర్యాపేటలో, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మొదటి పరీక్షకి, ఎక్స్‌రేకి హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని లేదు.

డాక్టర్ని అడగాల్సినవి

మూడు ఫైళ్లు పట్టుకుని తిరిగాక నా నోట్స్ యాప్‌లో మిగిలిన ప్రశ్నలివి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. ఎక్స్‌రే నిలబడి తీశారా, పడుకోబెట్టి తీశారా? భారం పడినప్పుడే కీలు అసలు సంగతి తెలుస్తుంది.

2. నొప్పి చీలమండదేనా, దాని కింది కీలుదా? అనుమానం ఉంటే కీల్లోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. నొప్పి ఆగితే అదే దొంగ.

3. ఆపరేషన్ లేకుండా చేయగలిగినవన్నీ చేశామా? బ్రేస్, చెప్పులు, బరువు, ఫిజియో.

4. నా కాలికి కీహోల్ కుదురుతుందా? కుదరకపోతే ఎందుకు?

5. మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఎంతమందికి అతుక్కోలేదు?

6. నా పని ఇది, నా టాయిలెట్ ఇది, నా బండి ఇది. ఆపరేషన్ తర్వాత వీటిలో ఏది మార్చుకోవాలి?

7. సిగరెట్, బీడీ ఎన్నాళ్ల ముందు మానాలి? పొగ తాగేవాళ్లకి ఎముక అతుక్కోని ప్రమాదం చాలా ఎక్కువ. షుగర్ అదుపులో లేకపోయినా అంతే.

ఆరో ప్రశ్న దగ్గర సిగ్గుపడకండి. డాక్టర్‌కి మీ ఎక్స్‌రే కనిపిస్తుంది, మీ ఇల్లు కనిపించదు.

చివరగా బండి మీద తిరిగే మనందరికీ ఒక మాట. హెల్మెట్ గురించి అందరూ చెప్తారు, చెప్పాల్సిందే. కాళ్ల గురించి ఎవరూ చెప్పరు. హవాయి చెప్పులేసుకుని హైవే ఎక్కకండి, గిలకలు కప్పే షూ వేసుకోండి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు కనపడితే స్పీడు తగ్గించండి. పడితే, నాలుగడుగులు వేయలేకపోతే, ఆ రోజే ఎక్స్‌రే తీయించండి. మామకి పదిహేనేళ్ల కింద ఆ ఒక్క ఫొటో తీసుంటే, ఇరవై ఏళ్ల పనితనం ఉన్న ఆ చెవులు ఇవాళ్టికీ మెషీన్ల దగ్గరే ఉండేవేమో.